కాడ మొదలు దాకా చూడాలి: పుట్టకొక్కులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బతుకమ్మకు గునుగు, తంగేడు తేవడానికి చెలకల వెంట, గుట్టల వెంట తిరిగే ఈ రోజుల్లోనే హస్త, చిత్త కార్తెల జల్లులకు మొలిచిన పుట్టకొక్కులు కూడా కంటబడతాయి. అందుకే కాబోలు, ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో చాలా వరకు వాటి గురించి అడిగినవే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, వండుకొని తినే వారికి అవసరమైన సంగతులకు ఎక్కువ చోటిచ్చి జవాబులు రాస్తున్నాము.

ప్రశ్న: మా పొలం గట్టు మీది చెదపుట్టపై ఏటా పుట్టకొక్కులు లేస్తాయి. మా అత్తమ్మ ఉన్నన్నాళ్లు ఆమే ఏరి తెచ్చి కూర వండేది. ఆమె పోయిన తర్వాత మాకు గుర్తుపట్టే వారు లేరు. ఈ నెల మొలిచిన వాటి ఫొటో పంపుతున్నాను. పుట్ట మీద మొలిచినవి కాబట్టి తినవచ్చునా? (ఒక పాఠకురాలు, గోవిందరావుపేట)

జవాబు: మీరు పంపిన ఫొటోలో టోపీలు, నేల మట్టానికి తెంపిన కాడలు మాత్రమే ఉన్నాయి. గుర్తుపట్టడానికి అన్నిటి కంటే అక్కరకు వచ్చే భాగం మీ గట్టు మట్టిలోనే మిగిలిపోయింది. కనుక ఈ ఫొటోను చూసి తినమని చెప్పలేము. అయితే మళ్లీ మొలిచినప్పుడు ఏమేమి చూడాలో వివరంగా చెప్పవచ్చు.

మన వైపు పుట్టకొక్కులని ఇష్టంగా తినేవి చెదలతో కలిసి బతికే జాతి. శాస్త్రజ్ఞులు వీటిని టెర్మిటోమైసిస్ అంటారు. చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి, పుట్ట లోపలి అరల్లో తేనెతుట్టె వంటి దిమ్మెలుగా పేర్చి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. కట్టెలో ఉండే గట్టి పదార్థాన్ని శిలీంధ్రం మెత్తబరుస్తుంది, అలా మెత్తబడిన దానిని చెదలు తింటాయి. వానలు పడి నేల బాగా నానినప్పుడు ఆ దిమ్మె నుంచి మొగ్గ బయలుదేరి, మట్టిని చీల్చుకొంటూ పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. ఈ పొత్తు చెదలకే సాధ్యమైంది గాని మనుషులకు కాలేదు. పాలపుట్టగొడుగును, ఆయిస్టర్‌ను షెడ్లలో పెంచినట్టు దీనిని వ్యాపారానికి పెంచే పద్ధతి ఇంతవరకు కుదరలేదు. అందుకే ఇది అంగట్లోకి వచ్చినప్పుడు అంత ఎక్కువ ధర పలుకుతుంది.

దిమ్మె నుంచి నేల పైదాకా రావాలి కనుక దీని కాడ మట్టిలో వేరులాగా లోతుకు దిగి ఉంటుంది. చేత్తో పట్టి పీకితే ఈ వేరు తెగిపోతుంది. కాడకు జానెడు దూరం నుంచి చిన్న గుద్దలితో మట్టిని వదులు చేస్తూ, కాడను పట్టుకొని మెల్లగా కిందికి వెతుక్కుంటూ పోవాలి. వేరు కిందికి పోయే కొద్దీ సన్నబడుతుంది, దాని చర్మం పైకాడ కంటే ముదురు రంగులో గట్టిగా ఉంటుంది, కొన్నిటిలో మూరెడు లోతు దాకా పోతుంది. తర్వాత టోపీ నడినెత్తిని వేలితో తాకి చూడండి. మట్టిని పొడుచుకొని వచ్చేది అదే కనుక అక్కడ గట్టి మొన తగులుతుంది. టోపీని తిప్పితే కనిపించే పలుచని రేకులు కాడకు అంటుకోకుండా విడిగా ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరే కొద్దీ లేత గులాబీ ఛాయకు తిరుగుతాయి. కాడ మొదట్లో సంచి వంటిది ఎక్కడా ఉండకూడదు. సంచి ఉంటే అది పుట్టకొక్కు కాదు, పుట్ట పక్కన మొలిచిన మరొకటి.

ఈ గుర్తులకూ మినహాయింపులు ఉన్నాయి. చెదలు బయట పారబోసిన దిమ్మె ముక్కల నుంచి వందల కొద్దీ చిన్న చిన్న గొడుగులు ఒకేసారి చాప పరిచినట్టు మొలిచే రకం ఒకటి ఉంది. దానికి పొడవైన వేరు ఉండదు. వేరు లేని చిన్న గొడుగులను కొత్తవారు ఎప్పుడూ ముట్టకపోవడమే మంచిదని మా అభిప్రాయం. చిన్న తెల్ల గొడుగులలో పోల్చుకోలేనివి చాలా ఉన్నాయి, కూరకు వచ్చేదీ పిడికెడే.

ఇక మీ ప్రశ్నలోని అసలు మాటకు వస్తే, పుట్ట మీద మొలవడం ఒక్కటే రుజువు కాదు. పోడాక్సిస్ అనే మరో శిలీంధ్రం కూడా మన ఎండు నేలల్లో చెదపుట్టల మీదనే లేస్తుంది. అది మూసిన గొడుగులా నిలువుగా ఉంటుంది, పొలుసులతో ఉంటుంది, ఎన్ని రోజులైనా విప్పుకోదు, ముదిరితే లోపలంతా నల్లటి పొడి అవుతుంది. దానిని లేతగా ఉన్నప్పుడు రాజస్థాన్‌లో తింటారు గాని మీ అత్తమ్మ తెచ్చినది అది కాదు. పుట్ట మట్టి కూడా మట్టే కనుక గాలికి వచ్చి పడిన వేరే సిద్ధబీజాలు (గొడుగు రేకుల నుంచి రాలే, విత్తనాల వంటి సన్నని పొడి) అక్కడా మొలకెత్తవచ్చు. మీ ఊరిలో మీ అత్తమ్మతో కలిసి ఏరిన పెద్దవారు ఇంకా ఎవరైనా ఉంటే, వేరుతో సహా తవ్విన గొడుగును వారి చేతిలో పెట్టి అడగండి. వారు కాస్త తటపటాయించినా ఆ పూటకు వదిలేయండి.

ప్రశ్న: పుట్టగొడుగులు ఉడికేటప్పుడు వెండి ఉంగరం వేస్తే విషమున్న వాటికి నల్లబడుతుందని, పసుపు వేస్తే రంగు మారుతుందని, పురుగులు తిన్నవి మనుషులకూ మంచివేనని మా ఇంట్లో అంటారు. ఇవి ఎంతవరకు నిజం? (ఒక పాఠకుడు, నర్సంపేట)

జవాబు: ఒక్కటీ నిజం కాదు. వెండి నల్లబడేది గంధకంతో కలిసినప్పుడు. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు తగిలినా నల్లబడుతుంది. ప్రాణాంతకమైన పుట్టగొడుగుల్లోని అమటాక్సిన్లు అనే విషాలు వెండిని గాని, పసుపును గాని, బియ్యాన్ని గాని ఏమీ చేయవు. ఈ విషానికి చేదు కూడా ఉండదు, తిన్నవారు రుచిగానే ఉందని చెప్పిన సందర్భాలు వైద్యులు చాలా నమోదు చేశారు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి దాచినా విరగదు. నీళ్లు పారబోసి రెండోసారి ఉడికించినంత మాత్రాన పోదు. పురుగులు, నత్తలు తిని బతికినదాన్ని మన కాలేయం తట్టుకోలేదు. వాటి శరీరం పనిచేసే తీరు వేరు.

ఈ పరీక్షలను ఎందుకు ఇంత గట్టిగా ఖండిస్తున్నామంటే, తెలియని గొడుగును ధైర్యంగా పొయ్యి మీదికి ఎక్కించేది ఇవే. పెద్దవారు నిజానికి చూపుతో, వాసనతో, ఏ చోట ఏ కార్తెలో ఏది మొలుస్తుందనే అనుభవంతో ముందే ఏరి పెట్టేవారు. ఉంగరం వేయడం చివరి తంతు మాత్రమే. ఏరిక పోయి ఉంగరం మిగిలితే అపాయమే.

ప్రశ్న: మా కాలనీలో ఖాళీ ప్లాటులో, పెంటకుప్ప పక్కన, వాన పడిన మూడో నాటికి పళ్లెమంత తెల్ల గొడుగులు వలయంగా మొలిచాయి. చూడటానికి చాలా బాగున్నాయి. కూలి పనికి వచ్చిన వారు కొందరు కోసుకొని పోతుంటే వద్దని చెప్పాను. నేను చెప్పింది సరైనదేనా? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: సరిగ్గానే చెప్పారు. మీ వర్ణనకు, మీరు పంపిన ఫొటోకు సరిపోయేది క్లోరోఫిల్లం అనే రకం. ఉష్ణ దేశాలలో ఎక్కువ మందికి వాంతులు, విరేచనాలు తెప్పించే పుట్టగొడుగు ఇదే. పచ్చిక ఉన్న చోట, పశువుల పేడ పడిన చోట, పార్కులలో, బడి మైదానాలలో వలయాలుగా మొలుస్తుంది. టోపీ తెల్లగా ఉండి, నడి మీద గోధుమ రంగు పెచ్చులు ఉంటాయి. కాడకు ఒక ఉంగరం ఉంటుంది, దాన్ని వేళ్లతో పట్టి కిందికీ పైకీ జరపవచ్చు.

లేతగా ఉన్నప్పుడు దీని రేకులు తెల్లగానే ఉండడం వల్ల మోసపోతారు. దీన్ని పట్టించేది సిద్ధబీజాల రంగు, ఆ రంగును ఎవరైనా ఇంట్లో చూడవచ్చు. బాగా విచ్చుకున్న గొడుగును ఒకటి తీసుకొని, కాడను టోపీ దగ్గరికి కోసివేయాలి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా పడేటట్టు టోపీని రేకులు కిందికి ఉండేలా బోర్లించాలి. గాలి తగలకుండా స్టీలు గిన్నె మూసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారి గిన్నె తీసి, టోపీని నిటారుగా పైకి లేపితే, రేకుల అచ్చు గీతలు గీతలుగా పొడితో పడి ఉంటుంది. తెల్ల పొడి తెల్ల కాగితం మీద కనిపించదు, అందుకే నల్ల కాగితం కావాలి. కాగితాన్ని పగటి వెలుతురులో చూడండి. మీ ప్లాటులోనిదైతే పొడి మసకబారిన ఆకుపచ్చగా ఉంటుంది. ఆకుపచ్చ పొడి రాల్చే గొడుగులు చాలా అరుదు కనుక ఇంత తేలిగ్గా తేలిపోయే రకం మరొకటి లేదు. చూసిన తర్వాత గిన్నెను, చేతులను కడుక్కోండి.

దీన్ని తిన్నవారికి సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. పెద్దవారు ఎక్కువ మంది కోలుకుంటారు, కాని ఒంట్లో నీరు పోయి పిల్లలకు, ముసలివారికి ప్రాణం మీదికి వస్తుంది. ఆ కూలివారు మళ్లీ కనబడితే ఈ కాగితాన్ని చూపండి. వద్దనే మాట కంటే పచ్చటి అచ్చు బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: కళ్లం దగ్గర పాత వరిగడ్డి వాము అడుగున గుడ్ల వంటివి మొలిచి, తర్వాత బూడిద రంగు గొడుగులయ్యాయి. ఇవి అంగట్లో అమ్మే వరిగడ్డి పుట్టగొడుగులేనా? మొదట్లో సంచి ఉంటే విషమని చదివాను. వీటికీ సంచి ఉంది. (ఒక రైతు, పరకాల)

జవాబు: మీరు చదివినది, చూసినది రెండూ నిజమే. వరిగడ్డి పుట్టగొడుగుకూ మొదట్లో సంచి ఉంటుంది, లోకంలో అన్నిటి కంటే ఎక్కువ మందిని చంపిన అమానిటా జాతికీ సంచి ఉంటుంది. ఆగ్నేయాసియా నుంచి అమెరికా, ఆస్ట్రేలియాలకు వెళ్లి స్థిరపడిన వారు కొందరు, తమ ఊరిలో తిన్న వరిగడ్డి పుట్టగొడుగే అనుకొని అక్కడి ఓక్ చెట్ల కింద మొలిచిన అమానిటాను వండుకొని ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తేడా మూడు చోట్ల చూడాలి. వరిగడ్డి దాని కాడకు ఉంగరం ఉండదు. అమానిటాకు చాలా వరకు ఉంటుంది, కాని వానకు, రాపిడికి రాలిపోవచ్చు. వరిగడ్డి దాని రేకులు విచ్చుకున్న తర్వాత గులాబీ రంగుకు వస్తాయి, కాగితం మీద పడే పొడి కూడా గులాబీగానే ఉంటుంది. అమానిటా రేకులు సాధారణంగా తెల్లగానే మిగులుతాయి, పొడి తెల్లగా పడుతుంది. మొదటిది కుళ్లే గడ్డి నుంచి పుడుతుంది, రెండవది ఎక్కువగా చెట్ల వేళ్లతో పొత్తు కట్టి నేల నుంచి పుడుతుంది. వాము పక్కన చెట్టు ఉంటే, గడ్డిని పక్కకు తీసి, మొలక గడ్డికి అంటి ఉందో నేలకు అంటి ఉందో చూడండి.

ఇంకొక మాట. అంగట్లో వరిగడ్డి పుట్టగొడుగును గుడ్డు దశలోనే అమ్ముతారు, పండించినది కనుక అది ఏదో వారికి తెలుసు. మీ వాము కింద తానుగా మొలిచిన గుడ్డుకు రేకుల రంగు చూడటం కుదరదు. గుడ్లను వదిలేసి, విచ్చుకున్న వాటికే పైన చెప్పిన కాగితపు పరీక్ష చేయండి. వాము పక్కనే పత్తి చేను ఉండి, ఆ పంటకు మందులు కొట్టి ఉంటే అదీ వద్దు. పుట్టగొడుగులు నేలలోని లోహాలను, రసాయనాలను పీల్చి దాచుకుంటాయి.

ప్రశ్న: ఫోనులో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లను నమ్మవచ్చునా? (ఒక డిగ్రీ విద్యార్థి, జనగామ)

జవాబు: పేరు నేర్చుకోవడానికి వాడండి, కూరకు వాడకండి. మట్టిలోని సంచిని, తెల్లవారి పడిన పొడి రంగును, వాసనను కెమెరా చూడలేదు.

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అంగడిలో బోడ అని గోళీల వంటివి కొన్నాము. చాలా రుచిగా ఉన్నాయి. అటువంటివే మా ఊరి జామాయిల్ తోటలో ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఏరుకోవచ్చునా? (ఒక పాఠకుడు, వాజేడు)

జవాబు: బస్తర్ బోడ సాల చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకొని నేలలోపల పుట్టేది, వానకాలం మొదట్లో వస్తుంది. దాని ధర ఆ కాలంలో మాంసాన్ని మించుతుందని కొన్న మీకు తెలిసే ఉంటుంది. జామాయిల్ కింద శరదృతువులో కనిపించే గోళీలు వేరు. వాటిలో ఒకటి పిసోలిథస్, కోస్తే లోపల గింజలు గింజలుగా ఉండి, ముదిరితే గోధుమ పొడి అవుతుంది. మరొకటి స్క్లెరోడెర్మా, మందమైన తోలు, లోపల ఊదా కలిసిన నలుపు, తిన్నవారికి వాంతులు.

గోళీ ఆకారంలో ఉన్నది ఏది దొరికినా నిలువునా రెండు చెక్కలుగా కోసి చూడటం నియమంగా పెట్టుకోవాలి. లోపల అంతా ఒకే తీరుగా తెల్లగా గట్టిగా ఉండకుండా, చిన్న గొడుగు, కాడ, రేకులు బొమ్మ గీసినట్టు కనబడితే అది గోళీ కాదు, ఇంకా విచ్చుకోని గొడుగు, బహుశా అమానిటా గుడ్డే. మొత్తం కుప్పను పారవేయాలి, ఆ ఒక్కదాన్ని కాదు.

ప్రశ్న: కొక్కుల కూర తిని కల్లు తాగితే మనిషికి పడదంటారు. ఇందులో నిజముందా? (ఒక పాఠకుడు, రాయపర్తి)

జవాబు: ఒక రకానికి నిజం. సిరా గొడుగులు అనదగిన జాతి ఒకటి ఉంది, ముదరగానే నల్లగా కరిగి కారిపోతుంది. వాటిలో బూడిద రంగు రకంలో ఉండే కోప్రిన్ అనే పదార్థం, ఒంట్లో మద్యం విరిగే దారిని మధ్యలో ఆపివేస్తుంది. ముఖం ఎర్రబడటం, గుండె దడ, వాంతులు వస్తాయి. తిన్న రెండు మూడు రోజుల తర్వాత తాగినా రావచ్చు. మన పెంటకుప్పల మీద తెల్లవారి మొలిచి మధ్యాహ్నానికి కరిగేవి అదే కుటుంబపు చిన్న రకాలు. వాటిని తినవలసిన పని లేదు. పుట్టకొక్కుల్లో ఈ గుణం లేదు, కాని ఏది తిన్నామో కచ్చితంగా తెలియని రాత్రి కల్లు తాగితే, వచ్చిన వాంతి దేనిదో వైద్యునికి కూడా అర్థం కాదు.

ప్రశ్న: ఏరి తెచ్చిన పుట్టగొడుగులు రాత్రి తిన్నాము. తెల్లవారి మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరికి వాంతులు, విరేచనాలు పట్టుకొని, సాయంత్రానికి తగ్గాయి. ఆసుపత్రికి పోలేదు. ఇటువంటప్పుడు ఎంతసేపు చూడాలి? (ఒక పాఠకురాలు, తాడ్వాయి)

జవాబు: అసలు చూడకూడదు. మీ ఇంట్లో వారికి ఇప్పుడు ఏ బాధ లేకపోయినా, తిని కొద్ది రోజులే అయితే ఈ పత్రిక పక్కన పెట్టి కాలేయ పరీక్ష చేయించండి.

ఎందుకో చెబుతాము. తిన్న గంట, రెండు గంటల్లో వాంతులైతే అది చాలా వరకు కడుపును మాత్రమే కలచే రకం. ఆరు గంటలు దాటిన తర్వాత, ముఖ్యంగా తెల్లవారి మొదలైతే అమటాక్సిన్‌ను అనుమానించాలి. ఈ విషం మొదటి ఆరు నుంచి ఇరవై నాలుగు గంటలు ఏ గుర్తూ చూపదు. తర్వాత నీళ్ల విరేచనాలు, వాంతులు ఒక రోజు పట్టి పీడిస్తాయి. ఆ తర్వాత రోగి తేరుకున్నట్టు కనిపిస్తాడు. లేచి కూర్చుంటాడు, అన్నం అడుగుతాడు, ఇంటివారు గండం గడిచిందనుకుంటారు. ఆ సమయంలోనే విషం కాలేయ కణాలలో, శరీరానికి కావలసిన మాంసకృత్తులను తయారుచేసే పని మొదటి మెట్టునే ఆపివేస్తూ ఉంటుంది. రెండు, మూడు రోజులకు కళ్లు పచ్చబడి, స్పృహ తప్పే దశకు చేరే సరికి మందులతో తిప్పడం కష్టమవుతుంది, కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో తేయాకు తోటల ప్రాంతాల వారు పదమూడు మంది అడవి పుట్టగొడుగులు తిని ఆసుపత్రిలో చనిపోయినట్టు వార్తలు వచ్చాయి.

కనుక వాంతి మొదలైన వెంటనే 108కు ఫోను చేయాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సెలైన్ పెట్టించుకున్నా, అక్కడ ఆగకుండా వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్ద ఆసుపత్రికి చేరాలి. తిని ఎన్ని గంటలైందో, తిన్న తర్వాత ఎన్ని గంటలకు బాధ మొదలైందో ముందే లెక్క కట్టుకొని చెప్పాలి. వైద్యులు ఏ దారి పట్టాలో ఆ లెక్కను బట్టే నిర్ణయిస్తారు. అదే కూర తిన్న వారందరూ, బాధ లేనివారు కూడా, వెంట పోవాలి. మిగిలిన కూర, పారవేసిన కాడ మొదళ్లు, తొక్కలు కాగితపు కవరులో పెట్టి తీసుకొని పోవాలి. ప్లాస్టిక్ సంచిలో గంటల్లో కుళ్లిపోతాయి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, మజ్జిగ, చింతపండు రసం, పసరు పోయడం వద్దు. ఇవి విషాన్ని విరచవు, సమయాన్ని తింటాయి.

ప్రశ్న: బడి గోడ మీద పిల్లలు ఎర్ర టోపీ, తెల్ల చుక్కల పుట్టగొడుగు బొమ్మ వేశారు. అది మన అడవిలో ఉంటుందా? పిల్లలు అడవి గొడుగులను ముట్టుకుంటే విషం ఎక్కుతుందా? (ఒక ఉపాధ్యాయుడు, ములుగు)

జవాబు: అది కూడా అమానిటాయే. పైన్, బర్చ్ వంటి చలి దేశపు చెట్ల వేళ్లతో బతుకుతుంది. హిమాలయాలలో, ఊటీ వైపు నాటిన పైన్ తోటల కింద కనిపిస్తుంది, మన టేకు అడవుల్లో ఉండదు. అది తిన్నవారిని మత్తులో, కలవరంలో పడవేస్తుంది, చంపడం అరుదు. చంపే అమానిటాలు చాలా వరకు తెల్లగానో, లేత ఆకుపచ్చగానో, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటాయని పిల్లలకు చెప్పండి. ఎర్రనివి మాత్రమే చెడ్డవని వారు నేర్చుకోకూడదు. ముట్టుకుంటే విషం ఎక్కదు, కడుపులోకి పోతేనే. కాబట్టి వారిని నిర్భయంగా బయటికి తీసుకొని పోయి, చింత మొద్దుకు పట్టిన గట్టి అరల వంటి శిలీంధ్రాన్ని, పేడ మీద కరిగే సిరా గొడుగును చూపండి, వేరుతో సహా ఒక పుట్టకొక్కును తవ్వించండి, బడికి తిరిగి వచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి.